ఉద్దానం ఫోన్ ముట్టని పావుగంట

మొబైల్ షాపు ముందు రంగు టీషర్టు వేసుకుని నిలబడ్డ పిల్లలు కనబడితే, రిటైరయ్యాక కూడా నా కాళ్ళు అటే లాగుతాయి. "ఈ నెల టార్గెట్ ఎంతర్రా?" అని అడుగుతాను. వాళ్ళు చెప్పి మొహం వేలాడేస్తారు. నేను సానుభూతిగా తల ఊపి, లోపల్లోపల హాయిగా నవ్వుకుంటూ ఇంటికొస్తాను. మొన్న టెక్కలిలో ఒకమ్మాయి, "ఇన్నేళ్ళు ఈ లైన్లో ఉన్నారు కదా సార్, మాకు పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అంది. ఆమెకి ఆ పూట బేరం లేదు, నాకు ఏ పూటా పని లేదు. అందుకని నిలబడే చెప్పాను. సగంలో కస్టమర్ వచ్చాడు. మిగతా సగం కోసం మొత్తం రాస్తున్నాను.

నా గొప్పలు రాయమంటే పోస్టుకార్డు కూడా నిండదు. కాబట్టి నేను చేసిన ఒక వెధవ పని గురించి రాస్తాను. అది పలాస నుంచి సముద్రం దాకా పాకింది.

నేను ఒక ఫోన్ల కంపెనీకి ఏరియా సేల్స్ ఆఫీసర్ని. హోదాలో ఆఫీసర్ ఉన్నాడు గానీ ఎక్కడా ఆఫీసు లేదు. ఒక బండి, ఒక బ్యాగు, పలాసలో మా కంపెనీ బోర్డు తగిలించుకున్న షాపులో ఒక కుర్చీ, అదీ ఎవరూ కూర్చోకపోతేనే. పలాస, టెక్కలి, సోంపేట, సంతబొమ్మాళి, నౌపడ నా రాజ్యం. ఆ షాపులో కంపెనీ తరఫున ఒక ప్రమోటర్ అమ్మాయి ఉండేది. ఊరు సోంపేట పక్కన. ఫోన్ చేతికిచ్చి రెండు మాటలు చెప్పిందంటే కొనకుండా వెళ్ళినవాడు లేడు. నా టార్గెట్లన్నీ ఆ అమ్మాయి నోటి మీద నడిచేవి. మెచ్చుకోలు ఈమెయిళ్ళు మాత్రం నా పేరు మీద వచ్చేవి.

మీకు తెలిసిందే అయినా ఒక సంగతి చెప్పాలి. ఫోన్ వీపు మీద ఉండే పేరు ఒకరిది, లోపల దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ ఇంకొకరిది. చాలా ఏళ్ళు మా కంపెనీ ఫోన్లు చేసేది, ఎదుటి కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇచ్చేది. ఇద్దరూ చక్కగా కాపురం చేసుకున్నారు. అప్పట్లో కొత్త ఫోన్ తెరవగానే అది ఎదుటి కంపెనీ ఐడీ అడిగేది. ఈమెయిల్ ఐడీ ఉంటేగానీ ఫోన్ ముందుకు కదలదు. చేపల గంప దించి వచ్చిన మనిషిని ఐడీ ఏమిటని అడిగితే ఏం చెబుతుంది?

"అదేటి బావూ? ఆధార్ కార్డు తెచ్చినాను, రేషన్ కార్డు తెచ్చినాను. ఇంకేటి కావాలి దీనికి?" అనేవారు.

ప్రమోటర్ అమ్మాయి మొదట్లో ఒక్కొక్కరికీ ఐడీ చేసిపెట్టేది. ఒక్కోటీ అరగంట. బయట క్యూ. ఒకరోజు ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చి, "ఇలగైతే రోజుకి పది పోన్లు కూడా అమ్మలేం సార్. ఏటి సెయ్యమంటారు?" అంది.

"షాపు ఐడీ ఉంది కదా, అదే కొట్టీ. తర్వాత చూసుకుందాం" అన్నాను.

ఈ మాట అన్నది నేనే. అక్షరాలా నేనే. తర్వాత చూసుకోవడం అనే పని నా సర్వీసులో ఎప్పుడూ జరగలేదు కాబట్టి, రెండేళ్ళు తిరిగేసరికి ఉద్దానం తీరమంతా ఒకే ఐడీ మీద నడుస్తోంది. జాలరి పేటల్లో, జీడితోటల ఊళ్ళలో, నౌపడ ఉప్పుమళ్ళలో ఆరువందల పైచిలుకు ఫోన్లు. ఎదుటి కంపెనీ లెక్కలో వాళ్ళందరూ కలిసి ఒకే మనిషి. ఆ మనిషి పొద్దున్న వల లాగుతాడు, మధ్యాహ్నం కొబ్బరి దింపుతాడు, నెలకి నలభై పెళ్ళిళ్ళకి వెళ్తాడు, ఒకేసారి సోంపేటలోనూ సంతబొమ్మాళిలోనూ ఉంటాడు. అలాంటి వాణ్ణి చూసి కూడా ఆ కంపెనీకి అనుమానం రాలేదంటే వాళ్ళ తెలివి ఏపాటిదో చూడండి.

చిన్న చిన్న ఇబ్బందులు వచ్చేవి. అందరి ఫోన్ నంబర్లూ కలిసిపోయి, ప్రతి ఫోన్‌లోనూ 'బావ' అనే పేరు మీద అరవైకి పైగా నంబర్లు తేలాయి. ఒకాయన బావకి ఫోన్ చేసి "బేగి వొచ్చీ, ఒల ఏసీద్దాం" అంటే, అవతల ఉప్పు కాంట్రాక్టరు "ఎవుల్రా నువ్వు?" అన్నాడట. తర్వాత ఆ ఇద్దరూ స్నేహితులైపోయారు. ఎవరూ నా మీద ఫిర్యాదు చేయలేదు. చేసుంటే బాగుండేది.

ఆ తర్వాత రెండు కంపెనీలకీ చెడింది. ఎందుకు చెడిందో పేపర్లలో చాలా రాశారు. నాకు అర్థమైనంతవరకు, ఫోన్‌లో ఏ యాప్ ఉండాలో, ఏది పోవాలో, మనిషి ఏ గుమ్మంలోంచి లోపలికి రావాలో చెప్పే పెత్తనం ఎవరిదన్నదే గొడవ. నిన్నటిదాకా వియ్యంకులు, తెల్లారేసరికి దాయాదులు. మా కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్ తెచ్చింది. విశాఖపట్నంలో పెద్ద హోటల్లో మాకు క్లాసు పెట్టారు. నాకన్నా పాతికేళ్ళు చిన్నవాడైన జోనల్ మేనేజర్ వేదికెక్కి, "మనం అమ్మేది ఫోన్ కాదు, ప్రపంచం" అన్నాడు. ఆ ప్రపంచానికి ఛార్జర్ విడిగా కొనుక్కోవాలని చెప్పలేదు. "ఇది యుద్ధం. ఎదుటివాడి దగ్గరున్న ప్రతి కస్టమర్‌నీ మనవైపు లాగాలి" అన్నాడు. మేము చప్పట్లు కొట్టి భోజనాల వైపు పరుగెత్తాం. ఆ భోజనం మాత్రం చాలా బాగుంది.

యుద్ధం అంటే నాకు దక్కిన పని మార్పిడి మేళా. పాత ఫోన్ తెచ్చివ్వండి, కొంచెం కట్టి మా సాఫ్ట్‌వేర్ ఉన్న కొత్త ఫోన్ పట్టుకెళ్ళండి. పలాస షాపు ముందు టెంటు వేసి, మైకు పెట్టి, ఇరవై రోజులు అరిచాం. "ఐదు నిమిషాల్లో మీ పాత ఫోన్‌లో ఉన్నవన్నీ కొత్త ఫోన్‌లోకి వచ్చేస్తాయి" అని నా గొంతే రికార్డు చేసి తిప్పారు. నిజంగా అన్నీ వస్తాయో రావో నేను కనుక్కోలేదు. కాగితం మీద అలా రాసి పంపారు, నేను చదివాను.

మేళా చివరి రోజుల్లో సంతబొమ్మాళి వైపు జాలరి పేట నుంచి ఒకామె వచ్చింది. టెక్కలిలో చేపలమ్ముతుంది. భర్త గుజరాత్ బోట్లలో వేటకి వెళ్ళాడు. మన తీరం నుంచి ఏటా చాలామంది అలా వెళ్తారు, నెలల తరబడి అక్కడే ఉంటారు. ఆమె ఫోన్ అద్దం పగిలి, చూపుడు వేలికి గుడ్డ కట్టుకుని వాడుతోంది.

"మా ఆయన మాటలున్నాయి బావూ ఇందల. తన పెద్ద పోన్లోంచి రికాడు సేసి పెడతాడు. అయ్యీ వత్తాయా?" అంది.

"అన్నీ వచ్చేస్తాయమ్మా" అన్నాను.

ఆమె నమ్మింది. అంతకన్నా చెప్పేదేముంది? ఫోన్ మార్చుకుని వెళ్ళిపోయింది. పాత ఫోన్‌ని మా పద్ధతి ప్రకారం పూర్తిగా తుడిచేసి, మిగతా వాటితో పాటు పెట్టెలో పెట్టి పంపించేశాం.

పన్నెండు రోజుల తర్వాత, మంగళవారం పొద్దున్నే, షాపు తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన వాళ్ళ పేట పెద్ద. తెల్ల మీసాలు, భుజాన తువ్వాలు, మాట తక్కువ మనిషి.

"మా ఆయన ఎక్కిన బోటు నీటి హద్దు దాటీసిందట బావూ. ఆ దేశపోల్లు పట్టుకుపోనారట" అంది. ఏడవడం అయిపోయిన గొంతు. "బోటు మీద మావోలు పన్నెండు మంది. పదకొండు పేర్లే సెప్తన్నారు. మా ఆయన పేరు నేదు."

మిగతాది పెద్ద చెప్పాడు. ఆ బోటు ఎక్కాల్సింది ఆమె భర్తకి వరసకి తమ్ముడయ్యేవాడు. వాడికి జ్వరమొచ్చి, ఆఖరి గంటలో వాడి బదులు ఇతను ఎక్కాడు. బోటు ఓనరు కాగితంలో తమ్ముడి పేరే ఉంది. తమ్ముడేమో జ్వరం తగ్గి ఇంటికొచ్చేశాడు. "మా బోటు మీద పదకొండు మందే ఉన్నారు" అని ఓనరు తేల్చేశాడు. టెక్కలిలో మత్స్యశాఖ ఆఫీసులో గుమస్తా మంచివాడే, సాయం చేస్తానన్నాడు. కానీ మనిషి ఆ బోటెక్కినట్టు ఏదో ఒక ఆధారం కావాలన్నాడు. శుక్రవారం సాయంత్రానికి పేర్లన్నీ ఢిల్లీకి వెళ్ళిపోతాయి. ఆ జాబితాలో పేరు లేనివాణ్ణి విడిపించమని అడిగే నాథుడుండడు.

"ఎక్కీ ముందర పొటో పెట్టేడు. ఎనకాతల బోటు నెంబరుంది. మాట కూడా పెట్టేడు. కొత్త పోన్లో ఎంత ఎతికినా అయ్యి నేవు. నా పాత పోను ఇచ్చీండి బావూ" అంది.

"అది తుడిచి పంపించేశామమ్మా" అన్నాను.

అరుస్తుందేమో అనుకున్నాను. అరిస్తే నాకు కొంచెం తేలికయ్యేది. ఆమె నా మొహంలోకి చూసి, "అన్నీ వచ్చీత్తాయన్నావు కదా బావూ" అంది, అంతే.

ఆ పూట నేను రెండు కంపెనీల కస్టమర్ కేర్‌లకీ ఫోన్ చేశాను. మా కంపెనీ అమ్మాయి, "పాత సందేశాలు ఎదుటి కంపెనీ దగ్గర ఉంటాయి సార్, వాళ్ళని అడగండి" అంది. ఎదుటి కంపెనీ అబ్బాయి, "ఇప్పుడు ఏ ఫోన్‌కి మారారు సార్? అయితే వాళ్ళనే అడగండి" అన్నాడు. అన్నిటికీ కొట్టుకు చస్తున్న రెండు కంపెనీలూ ఈ ఒక్క విషయంలో ఎంత ఐకమత్యంగా ఉన్నాయో!

ప్రమోటర్ అమ్మాయి గోళ్ళు కొరుకుతూ నిలబడి ఉంది. ఉన్నట్టుండి, "సార్, షాపు ఐడీ!" అంది.

పాత ఫోన్‌లోకి వచ్చిన ప్రతి ఫొటోనీ ఎదుటి కంపెనీ తనంతట తనే ఆ ఐడీ మీద దాచిపెడుతుంది. ఆమె ఫోన్ కూడా షాపు ఐడీ మీదే ఉండేది. అంటే ఫోన్ తుడిచేసినా ఫొటో ఎక్కడో భద్రంగా ఉండాలి. మాటల రికార్డు అలా దాచదు, అది పోయినట్టే. ఫొటో మాత్రం షాపు కంప్యూటర్లో ఆ ఐడీ తెరిస్తే దొరుకుతుంది. నా వెధవ పనే నన్ను ఒడ్డున పడేస్తుందని ఎగిరి గంతేశాను.

బుధవారం పదింటికి కంప్యూటర్లో ఐడీ, పాస్‌వర్డ్ కొట్టాం. రెండేళ్ళుగా ఎవరూ అలా తెరవలేదు. ఎదుటి కంపెనీకి ఆరోజే మొట్టమొదటిసారి అనుమానం వచ్చింది. ఆ ఐడీ మీద ఉన్న ప్రతి ఫోన్‌కీ ఒక ప్రశ్న పంపింది: 'లోపలికి రావాలనుకుంటున్నది మీరేనా? అవును. కాదు.' మేళాలో మారినవాళ్ళు పోగా, పాత ఫోన్లు ఇంకా నాలుగువందల పైచిలుకు ఉన్నాయి. నాలుగువందల జేబుల్లో, బొడ్లో, గూళ్ళల్లో ఒకేసారి టింగుమన్నాయి.

ఇక్కడ మా ఇంకో ఘనత చెప్పాలి. సైబర్ మోసాలు పెరిగాయని, ఫోన్ అమ్మిన ప్రతివారికీ ప్రమోటర్ అమ్మాయి గట్టిగా పాఠం చెప్పేది: "పోన్లో ఎవులేటి అడిగినా 'కాదు' నొక్కీండి. 'అవును' నొక్కినారో, మునిగిపోనారే!" ఆ అమ్మాయి చెబితే వినని వాళ్ళు లేరని ముందే రాశాను. నిమిషం తిరక్కుండా ఐడీకి తాళం పడింది. వెంటనే నా ఫోన్ మోగడం మొదలెట్టింది.

"సార్, ఎవుడో దొంగెదవ నా పోన్లోకి దూరబోనాడు. నానొగ్గుతానేటి? 'కాదు' నొక్కీసినాను!"

పొద్దు వాలేవరకు అలాంటివే ఫోన్లు. అందరికీ శభాష్ చెప్పి పెట్టేశాను. ఏం చెప్పగలను? ఆ దొంగెదవని నేనే.

గురువారం ఎదుటి కంపెనీవాళ్ళే తాళం తీశారు. ప్రమోటర్ అమ్మాయి తెల్లవారుజాము నుంచి కూర్చుని నలభై మందికి ఫోన్ చేసి "ఈసారొత్తే అవును నొక్కండి" అని చెప్పింది. వాళ్ళు సరేనన్నారు. మళ్ళీ పాస్‌వర్డ్ కొట్టాం. మిగతా నాలుగువందల మంది వీరుల్లా 'కాదు' నొక్కారు. అందరికన్నా ముందు నొక్కినవాడు సోంపేటలో ఉండే ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు. రెండు రోజులూ నాకు ఫోన్ చేసి గర్వంగా చెప్పడంలోనూ ఆయనదే ఫస్టు. తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి. ఇంకొక్కసారి 'కాదు' వస్తే ఈ ఐడీ శాశ్వతంగా మూసేస్తారట. గడువు శుక్రవారం సాయంత్రం. మా చేతిలో మిగిలింది ఒక్క ప్రయత్నం.

బండేసుకుని పేటకి వెళ్ళాను. ఆమె గుమ్మంలో కూర్చుని వలకి మాటు వేస్తోంది. పెద్దకి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఐడీ సంగతి, నేను చేసిన నిర్వాకం, అన్నీ. ఆయన మీసం దువ్వుకుంటూ అడిగాడు.

"అయితే ఒకలు అవునని నొక్కాల. మిగతావోలు ముట్టకూడదు. అంతేనా?"

"అంతే. పావుగంట చాలు. కానీ నాలుగువందల మందిని ఆపడం నా తరం కాదు."

"నీ తరం కాదులే" అన్నాడు, చాలా మర్యాదగా. "సంద్రంలో మనిషి పోనాడంటే ఏట బందు సేత్తాం. ఒక్క తెప్ప కదల్దు. కదిలితే తప్పు కట్టాల. పోను దానికంటే పెద్దదేటి?"

ఆ మధ్యాహ్నమే పెద్ద తన పేట నుంచి మిగతా పేటలకి మనుషుల్ని పంపాడు. ఇలాంటి మాట ఫోన్‌లో చెప్పకూడదట, మనిషే వెళ్ళి ఎదురుగా నిలబడి చెప్పాలట. రేపు పదకొండు గంటల నుంచి పావుగంట పాటు ఫోన్ ముట్టినవాడు ఊరికి తప్పు కట్టాలి. 'అవును' నొక్కేది పెద్ద ఒక్కడే. ఆయనకి చదువు రాదు. ప్రమోటర్ అమ్మాయి నా వెనకే వచ్చి, తన గోళ్ళరంగు సీసా తీసి, ఆయన ఫోన్ అద్దం మీద 'అవును' వచ్చే చోట ఎర్రచుక్క పెట్టింది.

"గోరు రంగేసీసినావేటే గుంటా నా పోనుకి" అన్నాడు ఆయన. ఆ మూడు రోజుల్లో నవ్వినది అప్పుడొక్కసారే.

పేటలు సరే, మిగతా ఊళ్ళకి ఆ కట్టుబాటు లేదు. జీడితోటల ఊళ్ళలో కొబ్బరి మొక్కలమ్మే ఆటోవాణ్ణి మాట్లాడి, మైకులో చాటించాం. మొక్కల ధరలు చెబుతూ మధ్యలో "రేపు పదకొండుకి పోన్లు ముట్టుకోకండహో" అని అరిచాడు. చాలామంది గ్రహణం అనుకున్నారట. మంచిదే అయింది, ఇంకా భయంగా ఉన్నారు. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళు ఫోన్లు గేటు దగ్గర పెట్టే లోపలికి వెళ్తారు, గేటు కాపలా మనిషికి చెబితే సరిపోయింది. నౌపడ ఉప్పుమళ్ళకి నేను వెళ్ళాను. మిగిలింది హెడ్మాస్టరు.

"ఆయనకి సెప్తే ఇనరు సార్. ఎందుకు, ఏటి, ఏ రూలు అంటారు. నన్ను రెండేళ్ళు బెంచీ ఎక్కించినారు, నాకు తెల్దా?" అంది ప్రమోటర్ అమ్మాయి. "నానెల్లి సూసుకుంటాను, ఒగ్గీండి."

శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి షాపుకొచ్చేసరికి గుమ్మానికి బెలూన్లు కడుతున్నారు. జోనల్ మేనేజర్ వస్తున్నాడని పదిరోజుల ముందే చెప్పారు, నేను పూర్తిగా మర్చిపోయాను. తూర్పు తీరంలో ఎదుటి కంపెనీ నుంచి అందరికన్నా ఎక్కువమందిని లాగినందుకు నాకు సన్మానం. ఇద్దరు విలేకరులు, ముప్పై కుర్చీలు, ఒక శాలువా. షాపు కంప్యూటర్‌ని గోడకున్న పెద్ద టీవీకి కలిపేశారు. ఇంకో కంప్యూటర్ నుంచి ప్రయత్నిస్తే ఎదుటి కంపెనీకి మళ్ళీ కొత్త అనుమానం వస్తుంది. ఆ షాపు కంప్యూటరే కావాలి.

పదకొండుకి ఐదు నిమిషాలుండగా మేనేజర్ మైకు అందుకున్నాడు. "ఇప్పుడు మన కొత్త కుటుంబ సభ్యులతో లైవ్‌లో మాట్లాడదాం" అని, మేళాలో మారినవాళ్ళ జాబితాలోంచి ఒక నంబర్ కొట్టాడు. ఎత్తలేదు. ఇంకోటి. ఎత్తలేదు. వాళ్ళ ఫోన్లు ఆ ఐడీ మీద లేవు, ముట్టినా నష్టం లేదు. కానీ పెద్దలు పాత ఫోను, కొత్త ఫోను అని తేడా చెప్పలేదు. తప్పు కట్టాల్సొస్తుందని జనం ఐదు నిమిషాల ముందే ఫోన్లు పక్కన పెట్టేశారు. ఆరో ఫోన్ మోగి మోగి ఆగిపోయాక ఆయన మైకు పక్కకి పెట్టి, "ఏమైంది మీ ఏరియాకి? నెట్‌వర్క్ లేదా?" అన్నాడు.

"ఉంది సార్. ఉద్దానంలో పావుగంట ఎవరూ ఫోన్ ముట్టరు" అని, నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

ఎదుటి కంపెనీ పేరు, రంగులతో సహా, టీవీ మీద నిండుగా పడింది. విలేకరులు లేచి నిలబడ్డారు. మేనేజర్ నా భుజం పట్టుకుని, "మీకు పిచ్చా? మన ఫంక్షన్‌లో వాళ్ళ స్క్రీనా? ఇప్పుడే ఆపకపోతే రిపోర్ట్ రాస్తాను" అన్నాడు.

"రాసుకోండి సార్. దాంతోపాటు ఇది కూడా రాయండి" అని రెండేళ్ళ కథంతా రెండు ముక్కల్లో చెప్పాను. "మనం రెండువందల మందిని లాగామని హెడ్డాఫీసులో చప్పట్లు కొట్టారు కదా? వాళ్ళ పుస్తకంలో వీళ్ళందరూ కలిసి ఒక్కడే. వాడు ఇంకా అక్కడే ఉన్నాడు. వాళ్ళకి ఒక్క కస్టమర్ కూడా తగ్గలేదు."

ఆయన చెయ్యి నా భుజం మీదే ఉండిపోయింది. నేను గడియారం చూసి, సరిగ్గా పదకొండుకి మీట నొక్కాను.

తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలైంది. అవతల ఏం జరుగుతోందో కనుక్కుందామంటే ఎవరికి ఫోన్ చేస్తాను? ముట్టొద్దని చెప్పింది నేనే కదా. ఎక్కడో ఒక్క చంటిబిడ్డ ఫోన్ పట్టుకుని ఆడినా చాలు, ఒక మనిషి ఈ లోకంలో ఏ కాగితంలోనూ లేకుండా పోతాడు. నా కంపెనీ, ఎదుటి కంపెనీ, వాళ్ళ యుద్ధం అన్నీ గంగలో కలిసిపోనీ, ఈ ఒక్క చక్రం ఆగితే చాలని మొక్కుకున్నాను.

చక్రం ఆగింది. తలుపు తెరుచుకుంది.

హెడ్మాస్టరు సంగతి తర్వాత తెలిసింది. ప్రమోటర్ అమ్మాయి పదిన్నరకి ఒక పనసపండు మోసుకుని వాళ్ళింటికి వెళ్ళి, "నాకు కొయ్యడం రాదు మాస్టారూ, నేర్పండి" అందట. పనస కోయాలంటే ముందు చేతులకి కొబ్బరినూనె పట్టించాలి, లేకపోతే పాలు అంటుకుని వదలవు. పదకొండింటికి టింగుమనగానే ఆయన ఫోన్ లాక్కుని 'కాదు' మీద వేలు పెట్టి రుద్దాడట. నూనె, పనసపాలు కలిసి అద్దం మీద జారిపోయాయి తప్ప ఏదీ నొక్కుకోలేదు. ఆయన తుడుచుకునేలోగా పేటలో పెద్ద తన ఎర్రచుక్క మీద బొటనవేలు వేసి ఒత్తేశాడు.

టీవీ మీద మా తీరమంతా పడింది. ఎవరి పెళ్ళో, ఎవరి చేపల గుట్టో, సెలైన్ పెట్టుకున్న ముసలాయన, కొత్త మరబోటు, కాళ్ళు కట్టిన పుంజు. కుర్చీల్లోంచి ఒకాయన "ఓలమ్మ, అది మా గేదె!" అని అరిచాడు. నవ్వులు. నాకు నవ్వు రాలేదు. ఇందరి ఇళ్ళ తలుపులు రెండేళ్ళపాటు ఒకే తాళంచెవికి వదిలేశానని అప్పుడు తెలిసింది. తేదీ పట్టుకుని వెనక్కి వెళ్తూ ఉన్నాను. బోటు కనబడింది. తెల్ల బనీను, భుజాన సంచి, ఒక చెయ్యి తాడు మీద. వెనక బోటు నంబరు, ఒక్క అంకె కూడా చెరగకుండా. నవ్వులు వాటంతట అవే ఆగిపోయాయి.

మేనేజర్ టీవీకేసి చూస్తూ, "ప్రింటర్ ఎక్కడుంది?" అన్నాడు. అతని మీద నాకున్న కోపంలో సగం అక్కడే పోయింది. మిగతా సగం నెలాఖరున నన్ను టెక్కలి గోడౌన్‌కి మార్చినప్పుడు తిరిగొచ్చింది.

మూడింటికి టెక్కలి ఆఫీసు మెట్ల మీద ఆమె చేతిలో ఫొటో పెట్టాను. గుమస్తా బోటు నంబరు చూశాడు, సంచి చూశాడు, తేదీ చూశాడు. ఆమె అవేవీ చూడలేదు.

"సూడండి, తలకి నూనె కూడా రాసుకోనేదు" అని తిట్టింది. తిడుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పన్నెండో పేరు జాబితాలోకి ఎక్కింది.

గోడౌన్‌లో నాకు పెద్ద పనేమీ ఉండేది కాదు. వారానికి మూడు రోజులు నేనూ ప్రమోటర్ అమ్మాయీ ఊరూరా తిరిగి, ఒక్కొక్క ఫోన్‌నీ ఆ ఐడీ నుంచి విడదీసి, ఎవరిది వాళ్ళకి చేసిపెట్టాం. ఆరు నెలలు పట్టింది. దానికి టార్గెట్ లేదు, సన్మానం లేదు, ఏ కంపెనీకీ దాంతో పనిలేదు. ఉద్యోగంలో నేను సరిగ్గా చేసిన పని ఏదని అడిగితే అదే చెబుతాను. మీరెవరైనా ఎవరితోనైనా "అన్నీ వచ్చేస్తాయి" అనే ముందు, ఏవి రావో కనుక్కోండి. ఆమె భర్త గొంతు ఉన్న ఆ మాటలు మళ్ళీ దొరకలేదు. వాటికి నేనే బాధ్యుణ్ణి.

ఏడాది దాటాక పన్నెండు మందినీ వదిలారు. పలాస స్టేషన్లో దిగుతారని తెలిసి వెళ్ళాను. జనం, దండలు, నాయకులు. రైలు ఆగగానే ప్రతి చెయ్యీ ఫోన్ పట్టుకుని పైకి లేచింది. మా కంపెనీవి, ఎదుటి కంపెనీవి, అన్నీ కలిసి. ఎవరూ ఎవర్నీ కళ్ళతో చూడటం లేదు. ఆమె మాత్రం అందర్నీ తోసుకుంటూ వెళ్ళి, అతని మొహం రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. చిక్కిపోయాడు, గడ్డం నెరిసింది.

నేను దగ్గరికెళ్ళి, ఏమనాలో తోచక, "ఉండమ్మా, ఇద్దరికీ ఒక ఫొటో తీస్తాను" అని ఫోన్ బయటికి తీశాను.

ఆమె అతని మీద నుంచి చూపు తిప్పలేదు.

"ఒద్దు బావూ. మనిసొచ్చీసినాడు కదా, ఇంక పొటో ఎందుకు?" అంది.